పదమూడు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరవాలంటే 13 ఏళ్లు నిండాలి. ఫేస్‌బుక్‌కీ అంతే, స్నాప్‌చాట్‌కీ అంతే. ఓటు హక్కుకి 18, పెళ్లికి ఆడపిల్లకి 18, మగపిల్లాడికి 21. ఈ అంకెల వెనక ఏవో వాదోపవాదాలు జరిగాయని మనకి లీలగానైనా తెలుసు. మరి ఈ పదమూడు వెనక ఏముంది? పిల్లల డాక్టర్లు చెప్పారా? మనస్తత్వ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారా? పదమూడో పుట్టినరోజు నాడు మెదడులో ఏదన్నా తలుపు తెరుచుకుంటుందా? ఇవేవీ కావు. 1998లో అమెరికా కాంగ్రెస్‌లో కుదిరిన ఒక బేరం అది. పిల్లలు ఏం చూడొచ్చు, ఎవరితో మాట్లాడొచ్చు అన్న సంగతి ఆ బేరంలో లేనే లేదు. పిల్లల పేరూ అడ్రసూ కంపెనీలు ఏ వయసు నుంచి నేరుగా తీసుకోవచ్చు అన్నదొక్కటే ఉంది. ఇప్పుడు మన దేశంలోనూ ఇలాంటి అంకె ఒకటి చట్టంలోకి వచ్చి కూచుంది కాబట్టి, ఆ బేరం కథ చెప్పుకోవడం అవసరం అనిపించింది.

నేను చరిత్రకారుణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్ వాణ్ణి. అయితే 'మీ పుట్టిన తేదీ' అన్న గడిని స్క్రీను మీద ఎక్కడ పెట్టాలి, తప్పు తేదీ కొడితే ఏ వాక్యం చూపించాలి అన్న మీటింగుల్లో కూచున్నవాణ్ణి. ఆ గదుల్లో పిల్లల మాట ఎంత తక్కువగా వస్తుందో, 'లీగల్ వాళ్లు ఒప్పుకున్నారా' అన్న మాట ఎంత ఎక్కువగా వస్తుందో చూశాక ఈ చరిత్ర మీద ఆసక్తి పుట్టింది.

కథ ఒక బొమ్మతో మొదలవుతుంది. 1995 జులై 3 నాటి టైమ్ పత్రిక ముఖచిత్రం. కీబోర్డు ముందు ఒక పిల్లవాడు, స్క్రీను వెలుగు మొహం మీద పడుతుంటే కళ్లు ఇంతింత చేసుకుని, నోరు తెరుచుకుని మనల్ని చూస్తుంటాడు. కింద పెద్దక్షరాల్లో 'సైబర్‌పోర్న్'. అప్పటికి అమెరికాలోనే ఇంటర్నెట్ ఉన్న ఇళ్లు తక్కువ. మన దగ్గరైతే విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది ఆ తర్వాతి నెలలో, ఆగస్టు 15న. లోపలి వ్యాసానికి ఆధారం కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతున్న మార్టీ రిమ్ అనే విద్యార్థి రాసిన పరిశోధన పత్రం. యూజ్‌నెట్ న్యూస్‌గ్రూపుల్లో ఉన్న బొమ్మల్లో 83.5 శాతం అశ్లీలమైనవే అన్న అంకె అందులోంచి వచ్చి దేశమంతా పాకిపోయింది. సెనెటర్ చక్ గ్రాస్లీ ఆ వ్యాసాన్ని సెనెట్ రికార్డులోకి కూడా ఎక్కించాడు.

కొన్ని రోజుల్లోనే వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం నుంచి డోనా హాఫ్‌మన్, థామస్ నోవాక్ అనే ఇద్దరు ఆచార్యులు ఆ పత్రాన్ని చీల్చి చెండాడారు. రిమ్ ఎక్కువగా లెక్కపెట్టింది పెద్దవాళ్లు డబ్బు కట్టి చేరే ప్రైవేటు బులెటిన్ బోర్డుల్లోని బొమ్మల్ని. మామూలు ఇంటర్నెట్‌కి వాటితో సంబంధం తక్కువ. టైమ్ పత్రికే ఆ నెలాఖరులోగా ఒక మెట్టు దిగి ఇంకో వ్యాసం వేసుకోవాల్సి వచ్చింది. కానీ బొమ్మ అప్పటికే జనం బుర్రల్లో కూచుంది. పిల్లల భద్రత అనగానే చీకటి గదిలో స్క్రీను వెలుగు పడుతున్న ఒక పిల్లవాడి మొహం వేసే అలవాటు మన పత్రికలకి ఇప్పటికీ పోలేదు.

ఆ భయం మీదే 1996 ఫిబ్రవరిలో కమ్యూనికేషన్స్ డీసెన్సీ యాక్ట్ వచ్చింది. 18 ఏళ్లలోపు వాళ్లకి అందేలా ఇంటర్నెట్‌లో 'అసభ్యమైనది' పెట్టడం నేరం అంది. అసభ్యం అంటే ఏంటో సరిగ్గా చెప్పలేదు. 1997 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. పిల్లల పేరు చెప్పి పెద్దవాళ్ల నోరు కట్టేయడం కుదరదని జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్ రాసిన తీర్పు సారాంశం. ఇక్కడొక తమాషా ఉంది. అదే చట్టంలో 230 అనే ఇంకో సెక్షన్ ఉంది, దాన్ని కోర్టు ముట్టుకోలేదు. వినియోగదారులు రాసిన దానికి వెబ్‌సైటుని ప్రచురణకర్తగా పట్టుకోకూడదు అనేది దాని అర్థం. అంటే చట్టంలో పిల్లల కోసమని రాసిన భాగం పోయింది, కంపెనీలకి అండగా నిలిచే భాగం బతికింది. తర్వాతి పాతికేళ్ల సోషల్ మీడియా అంతా ఆ మిగిలిన భాగం మీదే లేచింది.

ఇదంతా జరుగుతుండగా, అంత గోల లేకుండా, ఇంకో పాయ నడుస్తోంది. కాథరిన్ మాంట్‌గమరీ, జెఫ్ చెస్టర్ అనే దంపతులు వాషింగ్టన్‌లో సెంటర్ ఫర్ మీడియా ఎడ్యుకేషన్ అని ఒక చిన్న సంస్థ నడిపేవారు. వాళ్ల పూర్వాశ్రమం టీవీ. పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల మీద పోరాడినవాళ్లు. వాళ్లు ఇంటర్నెట్‌ని చూస్తే అశ్లీలం కంటే ముందు కంటికి కనపడింది వ్యాపారం. టీవీ ప్రకటన పిల్లల వైపు చూస్తుంది గానీ పిల్లలు దాని వైపు ఏం చెప్పినా దానికి వినపడదు. వెబ్‌సైటు అలా కాదు, అది వింటుంది, రాసుకుంటుంది. కిడ్స్‌కామ్ అనే సైటునే తీసుకోండి. పిల్లలు పేరు, వయసు, ఇష్టమైన వస్తువులు, ఇంటి సంగతులు చెబుతూ పోతే 'కిడ్స్‌క్యాష్' అని పాయింట్లు ఇచ్చేది, వాటితో బహుమతులు కొనుక్కోవచ్చు. 1996లో ఈ సంస్థ దాని మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. తల్లిదండ్రులకి తెలియకుండా పిల్లల దగ్గర ఇలా వివరాలు రాబట్టడం మోసం కిందికే రావచ్చని మరుసటి ఏడాది జులైలో కమిషన్ సిబ్బంది ఉత్తరం రాశారు. ఆ విషయంలో తొలి అధికారిక మాట అదే.

అదే 1996లో లాస్ ఏంజెలెస్‌లో ఒక టీవీ రిపోర్టరు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మెట్రోమెయిల్ అని ఇళ్ల వివరాలు అమ్మే పెద్ద కంపెనీ ఉండేది. ఆవిడ దానికి ఫోన్ చేసి ఊళ్లోని పిల్లల జాబితా కావాలని అడిగింది. కొనేవాడి పేరుగా, ఒక చిన్నపిల్లని ఎత్తుకెళ్లి చంపిన కేసులో అప్పుడు దేశమంతా తెలిసిన హంతకుడి పేరు ఇచ్చింది. 5 వేలకు పైగా పిల్లల పేర్లూ అడ్రసులూ ఆ పేరు మీదే వచ్చేశాయి. ఇందులో ఇంటర్నెట్ ప్రమేయం లేదు. పిల్లల సమాచారం అప్పటికే ఒక సరుకు. ఇంటర్నెట్ దాన్ని చవకగా, పిల్లల చేతే పండించుకునే ఏర్పాటు చేసింది, అంతే.

1998 జూన్‌లో కమిషన్ కాంగ్రెస్‌కి ఒక నివేదిక ఇచ్చింది. 212 పిల్లల సైట్లు చూస్తే 89 శాతం పిల్లల వ్యక్తిగత వివరాలు తీసుకుంటున్నాయి. అమ్మానాన్నల్ని అడిగి ఇవ్వండి అని పిల్లలకి చెప్పేవి 23 శాతమే. ఆ ఏడాది అక్టోబరు 21న, ఒక పెద్ద బడ్జెట్ బిల్లులో భాగంగా, రెండు చట్టాలు కవలల్లా ఒకే రోజు పుట్టాయి. పేర్లు కూడా కవలల పేర్లే. ఒకటి చైల్డ్ ఆన్‌లైన్ ప్రొటెక్షన్ యాక్ట్. పిల్లలకి హాని చేసే సరుకు వాళ్లకి కనపడనివ్వకూడదని అది. రెండోది చిల్డ్రన్స్ ఆన్‌లైన్ ప్రైవసీ ప్రొటెక్షన్ యాక్ట్, పొట్టిగా కొప్పా. పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీసుకోకూడదని ఇది. మొదటిది పదేళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగి, ఒక్కరోజు కూడా అమలు కాకుండా 2009లో చచ్చిపోయింది. రెండోది బతికి బట్టకట్టింది. అలా అమెరికాలో, అక్కణ్ణుంచి లోకమంతటా, ఆన్‌లైన్‌లో పిల్లల భద్రత అనే పెద్ద ప్రశ్నకి చేతికందిన ఒకే ఒక్క సాధనం డేటా చట్టం అయి కూచుంది.

ఇప్పుడు అంకె దగ్గరికి వద్దాం. ఎడ్వర్డ్ మార్కీ అనే ప్రతినిధి 16 ఏళ్ల దాకా రక్షణ ఉండాలని పట్టుబట్టాడు. రెండు వైపుల నుంచి అభ్యంతరం వచ్చింది. వ్యాపార సంస్థలు వద్దన్నాయి, అది ఊహించదగ్గదే. పౌరహక్కుల వాళ్లు కూడా వద్దన్నారు, ఇదే ఆసక్తికరం. పదిహేనేళ్ల అమ్మాయి గర్భం గురించో, ఇంట్లో జరిగే హింస గురించో సమాచారం వెతుక్కోవాలంటే ముందు నాన్న సంతకం తేవాలా అన్నది వాళ్ల ప్రశ్న. రెండు వాదాలూ వేరు, దిశ ఒకటే. తెగ్గొడితే 13 దగ్గర తెగింది. పన్నెండేళ్ల వరకూ తల్లిదండ్రుల అనుమతి కావాలి, పదమూడు నిండితే ఈ చట్టం దృష్టిలో ఆ పిల్ల ముప్పయ్యేళ్ల మనిషితో సమానం. మధ్యలో మెట్లు లేవు. మార్కీ తర్వాత సెనెటర్ అయి, ఆ మధ్యలో మిగిలిపోయిన పిల్లల కోసం సవరణ బిల్లులు పెడుతూనే ఉన్నాడు.

చట్టం 2000 ఏప్రిల్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. తల్లిదండ్రుల అనుమతిని ఎలా నిర్ధారించుకోవాలి అన్నదానికి అప్పటి నియమాల్లో ఉన్న దారులు చూస్తే ముచ్చటేస్తుంది. ఫారం ప్రింటు తీసి సంతకం పెట్టి పోస్టులోనో ఫాక్సులోనో పంపాలి, లేదా క్రెడిట్ కార్డు నంబరు ఇవ్వాలి, లేదా ఉచిత నంబరుకి ఫోన్ చేసి మాట్లాడాలి. ఉచిత సైటు నడిపేవాడికి ఒక్కో పిల్లవాడి కోసం ఇంత ఖర్చు గిట్టుబాటు కాదు. అందుకని చాలా సైట్లు తేలిక దారి పట్టాయి. పదమూడు లోపు వాళ్లని రానివ్వం అని బోర్డు పెట్టేశాయి.

చట్టంలో అసలు మడత పేచీ వేరే చోట ఉంది. సైటు పిల్లల కోసం పెట్టినది అయినా కావాలి, లేదా ఫలానా యూజరు పదమూడు లోపు అని కంపెనీకి 'వాస్తవంగా తెలిసి' అయినా ఉండాలి. అప్పుడే బాధ్యత. తెలియకపోతే బాధ్యత లేదు. మా భాషలో చెప్పాలంటే, ఇది ప్రోగ్రాములో ఒక కండిషన్. ఆ కండిషన్ ఎప్పుడూ నిజం కాకుండా చూసుకుంటే లోపలి కోడు ఎప్పటికీ నడవదు.

దీన్ని పరిశ్రమకి నేర్పిన పాఠం 2006లో జరిగింది. జాంగా అని అప్పట్లో టీనేజర్లు బాగా వాడే సైటు ఉండేది. పదమూడు లోపు వాళ్లు చేరకూడదని రాసి పెట్టింది గానీ, నిజం పుట్టిన తేదీ కొట్టిన పిల్లల్ని కూడా చేర్చుకుంటూ పోయింది. అలాంటి ఖాతాలు 17 లక్షలు తేలాయి. కమిషన్ 10 లక్షల డాలర్ల జరిమానా వేసింది. జరిమానా న్యాయమైనదే, దాని మీద నాకు పేచీ లేదు. కానీ గమనించండి, కంపెనీ దొరికిపోయింది పిల్లలు నిజం చెప్పడం వల్ల. వాళ్లంతా 1980లో పుట్టామని కొట్టి ఉంటే కేసే లేదు. ఆ ఏడాది సెప్టెంబరు 26న, జాంగా జరిమానా వార్త పాతబడకముందే, ఫేస్‌బుక్ కాలేజీ గోడలు దాటి 13 నిండిన ఎవరికైనా తలుపులు తెరిచింది. నిజం చెప్పిన పిల్లకి తలుపు మూసుకుంటుంది, అబద్ధం చెప్పిన పిల్లకి తెరుచుకుంటుంది. ఒకసారి నిజం కొట్టి వెనక్కి వెళ్లి తేదీ మార్చకుండా కుకీ పెట్టుకోండని కమిషన్ సలహా కూడా ఇచ్చింది. ఇంకో బ్రౌజర్ తెరిస్తే ఆ కుకీ ఉండదని పదకొండేళ్ల పిల్లలకి తెలుసు.

పిల్లలే కాదు. 2011లో డానా బాయిడ్, ఎస్టర్ హర్గిట్టై, జేసన్ షుల్ట్స్, జాన్ పాల్ఫ్రీ అనే నలుగురు పరిశోధకులు అమెరికా తల్లిదండ్రుల్ని సర్వే చేశారు. పన్నెండేళ్ల పిల్లలున్న తల్లిదండ్రుల్లో సగానికి పైగా, తమ పిల్లకి ఫేస్‌బుక్ ఖాతా ఉందని చెప్పారు. వాళ్లలో ఎక్కువమందికి అది తెలిసే జరిగింది, చాలామంది దగ్గరుండి ఖాతా తెరిపించారు. అమ్మమ్మ ఫొటోలు చూడాలి, క్లాసులో అందరికీ ఉంది, ఇలాంటివే కారణాలు. తల్లిదండ్రులకి అధికారం ఇద్దామని పెట్టిన చట్టం, తల్లిదండ్రులు పిల్లల చేత అబద్ధం చెప్పించే స్థితికి తెచ్చిందన్నది ఆ పత్రం సారం.

తెలుగువాళ్లం దీనికి ఆశ్చర్యపోనక్కర్లేదు. మన నాన్నల తరంలో ఎవర్ని కదిపినా రెండు పుట్టినరోజులు ఉంటాయి, అసలుదీ, సర్టిఫికెట్‌దీ. బళ్లో వేసేటప్పుడు వయసు చాలకపోతే హెడ్మాస్టరు గారే ఓ ఏడాది వెనక్కి జరిపి రాసుకునేవారు. ఉద్యోగంలో ఇంకో రెండేళ్లు కలిసొస్తాయని తెలిసినవాళ్లయితే ముందుకి జరిపించేవారు. జూన్‌లోనూ జులైలోనూ అంతమంది పుట్టడం వెనక రహస్యం బళ్లు తెరిచే నెలలే తప్ప జాతకాలు కావు. పదో తరగతి సర్టిఫికెట్లోకి ఎక్కిన ఆ తేదీయే తర్వాత పాస్‌పోర్టు దాకా నడిచింది. వయసు అనేది ఆఫీసు అడిగే అంకె, ఆఫీసుకి కావలసినట్టు చెప్పాలి, అని మనకి ఇంట్లోనే తెలుసు.

కంపెనీల 'తెలియకపోవడం' ఎక్కడిదాకా పోయిందో 2019లో బయటపడింది. యూట్యూబ్ తనది సాధారణ ప్రేక్షకుల సైటే అని చెబుతూ వచ్చింది. ఒక ప్రకటనల సంస్థతో, మా దగ్గర పదమూడు లోపు వాళ్లు లేరు కాబట్టి కొప్పా గొడవ లేదు అంది. అదే సమయంలో బొమ్మల కంపెనీలకి మార్కెటింగ్ చేసుకుంటూ, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లల్ని చేరడంలో టీవీ ఛానళ్ల కంటే మేమే ముందున్నాం అంది. కమిషన్ ఫిర్యాదులో ఈ రెండు మాటలూ ఉన్నాయి. జరిమానా 17 కోట్ల డాలర్లు. టిక్‌టాక్‌లో కలిసిపోయిన మ్యూజికల్.లీ మీద అదే ఏడాది 57 లక్షల డాలర్లు పడింది. ఆ కంపెనీల రాబడితో పోల్చుకుంటే ఇవి ఎంతో మీరే ఆలోచించండి.

ఇక్కడిదాకా చదివి, అయితే చట్టాలన్నీ దండగ అంటున్నావా అని అడగొచ్చు. కాదు. మధ్యలో ఒక చట్టం నాకు నిజంగా నచ్చింది, అది బ్రిటన్‌ది. దాని వెనకున్న మనిషి బీబన్ కిడ్రన్. బ్రిడ్జెట్ జోన్స్ రెండో సినిమా తీసిన దర్శకురాలు. 2013లో టీనేజర్లూ ఇంటర్నెట్టూ మీద ఒక డాక్యుమెంటరీ తీసింది, తర్వాత ప్రభువుల సభలో సభ్యురాలిగా ఈ పనిలో దిగిపోయింది. ఆవిడ పట్టుదల వల్ల వచ్చిన చిల్డ్రన్స్ కోడ్‌లో 15 ప్రమాణాలు ఉన్నాయి. 18 లోపు పిల్లలు వాడే అవకాశం ఉన్న ప్రతి సేవకీ వర్తిస్తాయి. అది గేటు గురించి కాకుండా గదుల గురించి మాట్లాడుతుంది. పిల్లల ఖాతాల్లో గోప్యత ముందే గట్టిగా ఉండాలి, లొకేషన్ ముందే ఆపి ఉండాలి, వివరాలు ఇంకా ఇంకా ఇమ్మని గోకే బటన్లు ఉండకూడదు. 2021 సెప్టెంబరు 2తో గడువు ముగిసింది. ఆ వేసవిలో ఏం జరిగిందో చూడండి. ఇన్‌స్టాగ్రామ్ 16 లోపు వాళ్ల కొత్త ఖాతాలని ముందే ప్రైవేటు చేసింది. యూట్యూబ్ 18 లోపు వాళ్లకి వీడియో తర్వాత వీడియో దానంతటదే వచ్చిపడే ఆటోప్లేని ఆపేసింది. టిక్‌టాక్ 13 నుంచి 15 ఏళ్ల వాళ్లకి రాత్రి తొమ్మిది దాటితే నోటిఫికేషన్లు పంపనంది. ఇవన్నీ చిన్న మార్పులే. ఒక్కోటీ మాలాంటి వాళ్లు వారంలో చేయగలిగిన పని. పదిహేనేళ్లుగా ఎవరూ ఎందుకు చేయలేదంటే ఎవరూ అడగలేదు కనక. అడిగినదంతా పుట్టిన తేదీయే.

అయితే లోకం మళ్లీ గేటు వైపే నడుస్తోంది. ఆస్ట్రేలియా 2024లో చట్టం చేసి 2025 డిసెంబరు 10 నుంచి 16 లోపు వాళ్లకి సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసింది. తప్పిన కంపెనీకి 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా. పిల్లలకీ తల్లిదండ్రులకీ శిక్ష లేకపోవడం అందులో మంచి సంగతి. బ్రిటన్‌లో కూడా 2025 జులైలో పెద్దల సైట్లకి వయసు రుజువు తప్పనిసరి చేశారు. ఆ వారమే అక్కడ డౌన్‌లోడ్ల జాబితాలో వీపీఎన్ యాప్‌లు పైకెక్కి కూచున్నాయి. మనిషి లండన్‌లోనే ఉంటాడు, అతని కనెక్షన్ ఇంకో దేశం నుంచి వస్తున్నట్టు కనపడుతుంది.

మనకి ఇదీ కొత్త కాదు. ఆనాటి మన వీపీఎన్ పేరు యానాం. 1929లో హర్‌బిలాస్ శారదా పేరుమీద బాల్యవివాహాల నిరోధ చట్టం వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండాలి అంది. అమలు తేదీ 1930 ఏప్రిల్ 1. ఆ తేదీ లోపల ముహూర్తాలు పెట్టించేసుకున్నవాళ్లు పెట్టించేసుకున్నారు. మిగిలినవాళ్లకి గోదావరి దాపునే ఒక దారి కనపడింది. యానాం ఫ్రెంచివాళ్లది, బ్రిటిష్ చట్టం అక్కడ చెల్లదు. చుట్టుపక్కల జిల్లాల నుంచి పెళ్లివారు అక్కడికి తరలివెళ్లి చిన్నపిల్లల పెళ్లిళ్లు చేసుకుని వచ్చేవారు. ఎంతగా అంటే ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరే పడింది. ఇంతా చేస్తే, సొంత ఊళ్లో చట్టాన్ని మీరి చేసిన పెళ్లి కూడా పెళ్లిగా చెల్లేది. శిక్ష పెద్దలకే, అదీ స్వల్పం.

బాల్యవివాహాన్నీ ఇన్‌స్టాగ్రామ్ ఖాతానీ ఒకే గాటన కట్టడం లేదు. ఒకటి పిల్ల బతుకుని మొత్తంగా లాగేసుకోవడం. నాకు కావలసిన పోలిక ఇంకొకటి. గేటు దగ్గర జరిగే సంభాషణ ఎప్పుడూ పెద్దవాళ్ల మధ్యే జరుగుతుంది. సర్కారు అడుగుతుంది, తండ్రి జవాబు చెబుతాడు, పురోహితుడో కంపెనీయో సాక్షి. పడవెక్కిన పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు.

ఇప్పుడు మన సంగతి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, పిల్లలకి సంబంధించినవి అమలు కావడానికి 18 నెలల గడువు ఉంది. ఇందులో పిల్లలంటే 18 లోపు వాళ్లందరూ. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి, అదీ నిర్ధారించుకోదగ్గ అనుమతి, కావాలి. పిల్లల మీద నిఘా, వాళ్ల ప్రవర్తన చూసి గురిపెట్టే ప్రకటనలు నిషేధం. ఈ రెండోది చాలా మంచి నియమం, దాన్ని నిక్కచ్చిగా అమలు చేస్తే సగం సమస్య తగ్గుతుంది. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. ఆసుపత్రులకీ స్కూళ్లకీ కొన్ని మినహాయింపులు ఉన్నాయి.

నా భయమంతా మొదటి దాని గురించి. అనుమతి ఇచ్చేది నిజంగా పెద్దవాళ్లేనా అని చూడటానికి కంపెనీ దగ్గర ముందే ఉన్న వివరాలు వాడొచ్చు, లేదా డిజీలాకర్ లాంటి చోటు నుంచి టోకెను తెచ్చుకోవచ్చు. కాగితం మీద ఫాక్సు కంటే ఎంతో నయం. ఇళ్లలో ఎలా ఉంటుందో చూడండి. సిమ్ నాన్న పేరు మీద ఉంటుంది, ఫోన్ ముగ్గురు వాడతారు. గ్యాస్ బుకింగ్ నుంచి రైతు భరోసా స్టేటస్ దాకా ఓటీపీ చూసి చెప్పేది ఎనిమిదో తరగతి చదివే పిల్ల. అమ్మ డిజీలాకర్ పాస్‌వర్డు పెట్టింది కూడా ఆ పిల్లే. అనుమతి ఇమ్మని అమ్మకి వచ్చిన మెసేజి ఎవరు తెరుస్తారు? ఇది ఒక రకం ఇల్లు. ఇంకో రకం ఇంట్లో ఫోన్ మీద కాపలా గట్టిగా ఉంటుంది. ఆ ఇంట్లో పదిహేడేళ్ల అమ్మాయి ఇంటర్ చదువుతూ రాత్రిళ్లు కవితలు రాస్తుందనుకోండి. ప్రతిలిపి లాంటి చోట ఒక పేరు పెట్టుకుని అచ్చు వేసుకోవాలంటే నాన్న సరే అనాలి. ఆవిడ రాసేది నాన్న గురించే అయితే? 1998లో అక్కడి పౌరహక్కుల వాళ్లు అడిగిన ప్రశ్న ఇదే. ఇక్కడ దాన్ని గట్టిగా అడిగినవాళ్లు తక్కువ.

ఈ 18 ఎక్కణ్ణుంచి వచ్చింది అంటే, దానికీ పిల్లల ఎదుగుదలతో పని లేదు. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ, పిల్లల స్వతంత్ర వికాసం దృష్టితో చూస్తే 18 మరీ ఎక్కువ అనిపించవచ్చని తన నివేదికలోనే ఒప్పుకుంది. ఉన్న చట్టాలతో పొత్తు కుదరాలి కాబట్టి దాన్నే ఉంచింది. ఉన్న చట్టాలంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1875 నాటి మెజారిటీ చట్టం. ఇదే దేశంలో 2016 నుంచి ఘోర నేరాల కేసుల్లో 16 నిండిన వాళ్లని పెద్దవాళ్లలా విచారించే వీలుంది. జైలుకి 16, ఇన్‌స్టాగ్రామ్‌కి 18.

ఆ పాత కాంట్రాక్టు చట్టం కింద ఒక పేరుమోసిన కేసుంది, లా చదివిన ప్రతివాళ్లకీ తెలుసు. మోహరీ బీబీ, ధర్మదాస్ ఘోష్ కేసు. 1895లో కలకత్తాలో ధర్మదాస్ అనే కుర్రాడు 20 వేల రూపాయల అప్పు కోసం తన ఇల్లు తాకట్టు పెట్టాడు. చట్టం లెక్కలో అతను మైనరు. అప్పిచ్చే షావుకారు తరఫు వాళ్లు అతని చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నాకు ఈడొచ్చింది, ఫలానా తేదీతో మైనారిటీ తీరిపోయింది, అని. స్క్రీను మీద మనం టిక్కు పెట్టే గడికి ముత్తాత అది. అయితే కుర్రాడు మైనరని అతని తల్లి తరఫు వకీలు షావుకారు తరఫు న్యాయవాదికి ముందే ఉత్తరం రాసి ఉన్నాడు. కేసు లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1903లో తీర్పు వచ్చింది. మైనరు చేసిన ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు. కుర్రాడు సంతకం పెట్టిన ఆ కాగితం షావుకారుని కాపాడలేదు, ఎందుకంటే అతని మనిషికి సంగతి తెలుసు. ఇచ్చిన డబ్బు తిరిగి ఇప్పించమన్నా ఇప్పించలేదు.

మన కొత్త చట్టం ఆ కాలం నుంచి అంకెని తెచ్చుకుంది. ఆ తీర్పులోని రెండో సగం, అంటే కాగితం చూపించి నాకు తెలియదు అనడం చెల్లదన్న మాట, కూడా తెచ్చుకుందో లేదో 2027లో మొదటి కేసులు వచ్చేదాకా తేలదు. ఈలోగా మా మీటింగుల్లో, ఆ అనుమతి మెసేజి తెలుగులో ఎలా ఉండాలి అన్న దాని మీద చర్చ నడుస్తోంది. 'మీ బిడ్డ' అనాలా 'మీ పిల్లలు' అనాలా అన్న దగ్గర ఆగింది.